రికాబు

ఊరి పేరు ముల్లెన్.
నెబ్రాస్కా ఇసుకదిబ్బల మధ్య ఐదువందల మంది,
లెక్కకందని ఆవులు.
మూటాముల్లె సర్దుకుని దిగిన రోజు
ఆ పేరు చూసి నాలో నేనే నవ్వుకున్నాను.
ఆ నవ్వు పంచుకోవడానికి ఇక్కడ ఎవరూ లేరు.

నాలుగేళ్ల చదువుకి నాలుగేళ్ల కొలువు.
ఏడాదికి ఏడాది, చేబదులు తీర్చినట్టు.
సంతకం పెట్టేనాటికి నాకు ఇరవై రెండు,
అప్పటికింకా ఎవరి చెవిలోకీ తొంగిచూడలేదు.
ఫీజు వాళ్లే కట్టారు, పుస్తకాలు వాళ్లే కొన్నారు,
ఒకటో తారీకు రాగానే అద్దె డబ్బు పడేది.
మాట తప్పితే మూడింతలు కట్టాలని
పదకొండో పేజీలో ఉంది.
చదివాను. చదవలేదని బొంకను.

మూడో ఏడు, ఒమాహాలో,
డాక్టర్ వాంగెన్ మైక్రోస్కోపు ముందు నుంచి జరిగి
"చూడు" అంది.
వేలిగోరు పట్టనంత గది.
సుత్తి. దాగలి. రికాబు.
కమ్మరి కొట్టం సామానంతా
నూకగింజ పక్కన నూకగింజై.
బిగుసుకుపోయిన ఆ రికాబు తీసి
దాని చోట వెంట్రుకంత తీగ తగిలించి
మెలకువగానే ఉన్న మనిషి మీదికి వంగి
గుసగుసగా అడిగింది, "వినిపిస్తోందా?"
అతను ఏడ్చాడు.
నేను ఆ పూట అన్నం సంగతి మర్చిపోయాను.

ఒప్పందంలో ఐదు విద్యలున్నాయి.
చెవి లేదు.

మార్చి మొదట్లో ఒక రాత్రి
రెసిడెన్సీ జాబితా పైవరసలో
ఇంటర్వ్యూకైనా వెళ్లని చోటు పేరు రాసి చూశాను,
కొనబోని చీర భుజాన వేసుకుని
అద్దంలో చూసుకున్నట్టు.
తీసేశాను.
కుటుంబ వైద్యం, కుటుంబ వైద్యం, కుటుంబ వైద్యం,
తొమ్మిది వరసలు, ఊళ్లే వేరు.
నొక్కాను.

ఎంత త్యాగం అంటారు పెళ్లిళ్లలో కలిసినవాళ్లు.
త్యాగం కాదండీ, తాకట్టు.
కుదువపెట్టిన కడియాన్ని ఎవరూ మెచ్చుకోరు కదా.

మొన్న మంగళవారం హోలెచెక్ వచ్చాడు,
నలభై ఏళ్లుగా గుర్రాలకు లాడాలు కొడుతున్నాడు.
గుడిమెట్ల అనలేక ఊరు నన్ను డాక్టర్ జీ అంటుంది,
అతను అదీ అనడు, తల ఊపుతాడు.
బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అంటే
గురువారం వడగళ్లు పడతాయన్నాడు.
నిద్ర పడుతోందా అంటే
గడ్డి ధర చెప్పాడు.

దీపం పెట్టి చూశాను.
కర్ణభేరి వెనక సుత్తి పిడి,
పాలగాజు అవతల నిలబడ్డ మనిషిలా.
మిగతా రెండూ ఇక్కణ్ణుంచి కనపడవు.
అయినా అవసరానికి మించి చూశాను.
శ్రుతిదండం నుదుట ఆనించాను, చెవి వెనక ఆనించాను.
ఇది బిగుసుకున్న ఎముక కాదు,
సుత్తి దెబ్బలకి లోపల నరమే అరిగిపోయింది.
ఏ తీగా పనికిరాదు.
నేను వాంగెన్‌నే అయినా చేసేదేమీ లేదు.
అది తెలిసి ఊరట కలగాలి.
కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు.

యంత్రం పెట్టించుకోవాలంటే డెబ్బై ఐదు మైళ్లు.
కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చాను.
వెళ్లడు. మడిచి టోపీలో పెట్టుకున్నాడు.

తర్వాత కిటికీలోంచి సైగ చేస్తే బయటికి వెళ్లాను.
ట్రక్కు వెనక దాగలి, నా నడుమంత ఎత్తున.
నా అరచెయ్యి దాని కొమ్ము మీద పెట్టి
అటు చివర ఒక్కటి కొట్టాడు.
మోచేయి దాకా పాకింది.
"నాకిప్పుడిలాగే" అన్నాడు, అంతే,
ట్రక్కెక్కి వెళ్లిపోయాడు.
లోపల డార్లీన్ పిలుస్తోంది,
రెండో గదిలో దద్దుర్ల పిల్లాడు.

ఇంకా రెండేళ్లు.
చోటుంది, వస్తావా అని వాంగెన్ రాస్తూనే ఉంటుంది.
అప్పటికి నాకు ముప్పై మూడు, ఆపై ఐదేళ్ల చదువు.
జవాబు సగం రాసి ఉంచాను.

రాత్రి బొగ్గురైలు వచ్చినప్పుడు
దుప్పటి చెవులకు చుట్టుకుని
కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించాను.
తొంభై పెట్టెల దాకా తెలిసింది.
తర్వాత లెక్క తప్పింది.