వట్టి వలయం

పత్తికొండ దావలో, టమాటా మండీకి ఇవతల
మా కొలిమి.
కర్రు, గొర్రు, గుంటక, కొడవలి.
మూడు తరాలుగా ఇనుము మా మాట వింటాది.

మా మౌనేశ్వరికి ఎండ పడదు.
అయిదో ఏట, బడి ముందర ప్రార్థనలో నిలబడి
చేతులు కాలుతున్నాయని కేకేసింది.
బొబ్బ లేదు, మచ్చ లేదు.
నటిస్తోందన్నాడు అయ్యవారు.
నేనూ ఒక దెబ్బేసినా.
ఆ రాత్రంతా చేతులు ముంచుకుని కూచుంది,
నేను కాలిన కర్రును చల్లార్చే తొట్టిలోనే.

ఏడేండ్లకు, కర్నూలు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ
చీటీ వెనక బొమ్మ గీసింది:
నాలుగు చిన్న కడియాలు కలిపి పెద్ద వలయం,
నడుమ ఖాళీ.
ప్రోటోపార్ఫిరిన్ అంది.
నాకు నోరు తిరగలేదు, బొమ్మ మాత్రం తెలిసింది.
"ఎముక మూలుగలో అందరికీ తయారవుతుంది.
ఖాళీలో ఇనుము కూచుంటే
నెత్తురు ఎర్రబడి ఊపిరిని మోస్తుంది.
మీ పాపకు ఆ ఇనుము కూచోబెట్టే పనివాడు మందకొడి.
మిగిలిన వట్టి వలయాలు చర్మానికి చేరతాయి.
వెలుగు తగిలితే అవే మంట."

ఇనుము కూచోబెట్టే పనివాడు!
బండి చక్రాలకు ఎన్ని పట్టాలు ఎక్కించినానో,
ఎర్రగా కాల్చి, దిగ్గొట్టి, నీళ్లు పోసి బిగించి.
నా బిడ్డ ఒంట్లోని కమ్మరికి
ఒక్క సుత్తి అందియ్యలేకపోతిని.

చీకటి గదిలో ఊదా దీపం వేసి
దాని నెత్తురు చుక్క చూపించినారు.
గాజుపలక మీద ఎర్రగా రాజుకుంది.
"నాయనా, మన బొగ్గే" అంది మౌని.

నాటుకోడి గుడ్డు పెంకుకు ఆ రంగు
ఈ వలయానిదేనంట.
ఇంటికొచ్చినాక గంపలోని గుడ్డు తీసి
చెంపకు ఆనించుకుని చానాసేపు ఉండిపోయింది.
ఏమనుకుందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు కొలిమి రాత్రిపూట ముట్టిస్తాము.
రైతులు మొదట తిట్టుకున్నారు,
ఎండాకాలం రాగానే ఇదే మేలన్నారు.
తిత్తి మౌనిది.
నిప్పుల ఎరుపు దాన్ని ఏమీ అనదు,
ముఖమంతా పూసుకుని నవ్వుతాది.

తెల్లారగట్ల ఆఖరి కొడవలి
తొట్టిలో సుయ్యిమంటాది.
మౌని తలుపేసి దుప్పటి వేలాడదీస్తాది.
అయినా కింది సందులోంచి
సన్నటి ఎండ గీత ఒకటి లోపలికొస్తాది.
దాని మీద గోనెపట్ట పరిచి
నేను అడ్డం పండుకుంటా.