మట్టం

కోయంబత్తూరు నుంచి మూడు చెక్కపెట్టెల్లో దిగింది కారు.
గొట్టాలూ, ఫైబరు వొళ్ళూ, నూట నలభై పేజీల కాగితాలూ.
ఇంజను మాత్రం నేను సంపాదించిందే.
వరదకి మునిగిన మారుతీ ఎనిమిదొందల్లోంచి పైకి లాగి
మూడు రోజులు కిరసనాయిల్లో నానబెట్టుకున్నది.

మలికిపురంలో, పీచు మిల్లు వెనక రేకుల షెడ్డులో
ఆషాఢం మొదట్లో మొదలెట్టాను.
కాగితంలో బొమ్మ పద్నాలుగు:
బోల్టు నవ్వుకుంటూ బెజ్జంలోకి దూరిపోతుంది.
నా చేతిలో బోల్టు
కొత్తల్లుడిలా గుమ్మంలోనే నిలబడింది.

మూడు నూళ్ళ తేడా.
మూడు నూళ్ళంటే ఎంతండీ, చిటికెనవేలు దూరేంత.
ఆ సందులోంచే
నా నెల జీతమూ రెండు ఆదివారాల నిద్రా జారిపోయాయి.

స్టీరింగు రాడ్డు బ్రేకు పెడలుని రాసుకుంటోంది.
ఎడం తలుపు పడితే కుడి తలుపు తెరుచుకుంటోంది,
కాలవ నీళ్ళకి వంతులేసుకున్న రైతుల్లా.
ఫైబరు పొడి మెడ కింద చేరి
రాత్రంతా దురద.
వాషరు వేశాను. ఇంకోటి వేశాను. అయిదోదీ వేశాను.
ఆకురాయి పెట్టి
గుండ్రటి బెజ్జాన్ని కోడిగుడ్డులా సాగదీశాను.

టీ గ్లాసుతో వచ్చిన తాయారు తొంగి చూసి
"చంక దగ్గర పట్టేస్తే చెయ్యి కత్తిరిస్తామేటండీ?
కొలత ఎక్కడ నిలబడి తీశారో చూసుకోండి" అంది.
తను మిషను కుడుతుంది.
ఊళ్ళో సగం భుజాల లెక్క నోటికి చెబుతుంది.
నేను విననట్టే ఊరుకున్నాను.
ముప్పై ఏళ్ళ ఫిట్టర్ని కదా మరి.

అంతర్వేది నుంచి ఓలేటి పోలయ్య వచ్చాడు,
ఫైబరు పడవలకి చిల్లులు పూడ్చేవాడు,
మడ్‌గార్డు పగులు చూడ్డానికి.
పనసకాయని మొట్టినట్టు కారు వొంటిని మొట్టి
చెవి ఆనించి విన్నాడు.
"తలుపు మంచిదేనండి. ఒంట్లో మెలుంది.
పడవకైతే ముందు కిందేటుందో చూత్తాం."

కింద చూశాం.
నాలుగు మూలలకీ నాలుగు ఇటికలు పెట్టాను కదా,
వెనక ఎడం ఇటిక లేదు.
ఉంది. మొన్నటి వానలకి ఒండ్రులోకి దిగిపోయి
వీపు మాత్రం కనబడుతోంది, గేదెలా.

తాపీమేస్త్రి సింహాచలం నీళ్ళగొట్టం తెచ్చాడు.
రెండు చివర్లు పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.
గొట్టంలో నీళ్ళు కాసేపు ఊగి, ఆలోచించి, ఆగాయి.
ముప్పావంగుళం.
నీళ్ళకి మొహమాటం ఉండదు.
మా సీమంతా వాటి మాట మీదే కట్టుకున్నాం,
లాకులూ, చేలగట్లూ, పెళ్ళి పందిళ్ళ ముహూర్తాలూ.
నేనొక్కణ్ణే కారు కదాని అడగడం మర్చిపోయాను.

కొబ్బరి దుంగలు పరిచి, జాకీ పెట్టి,
చుట్టు చుట్టుకీ ఆగుతూ లేపాం.
గొట్టాల్లో ఎక్కడో టంగుమంది.
మోకాలు పట్టేసినవాడు
కాలు చాపుకున్న చప్పుడు.
పద్నాలుగో బొమ్మ బోల్టు తన బరువుకి తనే దిగింది,
దిగి, అవతలివైపు నుంచి కింద పడిపోయింది.

నేల తప్పు తీరాక
నా తప్పు మిగిలింది.
సాగదీసిన ఆరు బెజ్జాలు,
ఆరూ ఆవలిస్తున్నాయి.
వెల్డింగు పెట్టి పూడ్చి, మళ్ళీ మొదట్నుంచీ తొలిచాను.
తాయారు ఏమీ అనలేదు.
అన్నా బాగుండేది.

కార్తీకంలో సీటింకా రాలేదు.
ధాన్యం గోనె మడతేసి తనని కూర్చోబెట్టి
దిండి దాకా, కాలవ గట్టు మీద, రెండో గేరులో.
తలుపు పడింది. ఒకే దెబ్బకి, టప్‌మని.
తను మళ్ళీ తీసింది, మళ్ళీ వేసింది,
చంక కుట్టు సరిపోయిందో లేదో చూసినట్టు.

ఇంటికొచ్చాక చూసుకుంటే
చొక్కా జేబులో ఒక బోల్టు.
కాగితాలన్నీ తిరగేశాను, ఏ బొమ్మలోనూ లేదు.
ఊడిందేమీ లేదు మరి.
ఇప్పటికీ స్పీడు బ్రేకరొస్తే మాత్రం
నా చెయ్యి జేబు మీదికి పోతుంది.