మూడో వరుస, నాలుగో బండ

ఎర్రగుంట్ల దాటినాక నిడుజువ్వి దోవలో
నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ.
కోతమిషన్ నీళ్లు రోడ్డుమీదికి పారి
బూడిదరంగు పెచ్చులు కట్టినాయి.
వాళ్లకు సరుకు లెక్కల ప్రోగ్రాం
నేనే రాసిచ్చినాను.

రెండడుగుల బండలు. ఒకే నలుపు,
ఒకే మందం, ఒకే ధర.
ఏ రెండింటినైనా చూపించి
ఇవి సమానమా అంటే అవునంటుంది కంప్యూటర్.
ఇవి ఒకటేనా అంటే కాదంటుంది.
ఆ రెండు జవాబుల సందులో
నాకు కూడు.

బండకో గుర్తు కావాల.
నేను అడ్డదోవ తొక్కినాను:
మెమరీలో ఏది ఏ చోట కూర్చుంటే
ఆ చోటే దాని పేరు,
ఇంటి నంబరుతో మనిషిని పిలిచినట్టు.
మూడు వారాలు ఎవరికీ అనుమానం రాలేదు.

ప్రొద్దుటూరు కల్యాణమండపానికి పోయిన బండ
పగిలి వాపసొచ్చింది.
రాసుకున్నాం, కొట్టేసినాం.
తెల్లారేసరికి
అప్పుడే కోసిన, తడి ఆరని బండ పక్కన
'పగులు' అని ఎర్రగా.
పాతది చెరిగిన చోట కొత్తది కూర్చుంది;
చోటుతోపాటు
చచ్చినదాని పేరూ, దాని పగులూ
నెత్తికెత్తుకుంది.

ఓబులమ్మ ఆ బండను వేలిముడుపుతో కొట్టింది.
ఖంగుమంది.
"దీని గొంతు బాగుంది గదమ్మా,
ఎవరు జెప్పినారు పగిలిందని?"

ఇరవై రెండేండ్లుగా రాయి నునుపు చేసి చేసి
ఆమె వేళ్లూ నునుపైనాయి.
రేషన్ అంగట్లో మిషన్ మీద
బొటనవేలు పెడితే ఎవరూ రారు.
కొంగుకు తుడిచి మళ్లీ పెడుతుంది.
మళ్లీ ఎవరూ రారు.
"నేనే గద సామీ" అంటుంది మిషన్‌తో.

ఆ రాత్రి అంతా కొట్టేసి రాసినాను.
ఒకటి, రెండు, మూడు...
వెనక్కి తిరగని అంకె.
ఒకసారి ఇచ్చింది ఇంకొకరికి ఇయ్యను,
బండ ఎవరి గడప కిందికి పోయినా,
ముక్కలై గుంతలో పడినా సరే.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది.
వచ్చినాక చూస్తే
ప్రోగ్రాం అమాయకంగా అడుగుతాంది:
ఒకటి?

నేను తల పట్టుకున్నాను.
ఓబులమ్మ షెడ్డు గోడ చూపించింది.
సుద్దతో, వంకరగా,
నాలుగు వేల నూటపదిహేడు.

"కడాకరిది రాసిపెట్టినా.
లేకుంటే రేపు యాడనుంచి మొదలుబెడతావు?"