తట్టి చూడటం

మధ్యాన్నం నుంచి ఆరుసార్లు.
ఆ తర్వాత లెక్క తప్పింది.
దస్తగిరి లారీ గుంటూరు దాటి యాడుందో,
పలకల లోడు, ఫోను ఎత్తడంలా.
మార్కాపురంలో కరెంటు పోయి
ఫోను వెలుతురొక్కటే
నసీమా మొహం మీద.

"ఏడాది పిల్లకి బేదులు" అని
బొటనవేలితో రాశాను.
ఆ వేలి గీతల్లో పలకరాయి పొడి,
పదకొండేళ్ళది, ఏ సబ్బుకీ వదలంది.

వచ్చారు చూడు ఒకరెనక ఒకరు,
పిలవని పేరంటానికి వచ్చినట్టు.
తెల్లకోటు వేసుకున్నాయన
పాలు ఆపమన్నాడు, నీళ్ళు కూడా.
"పోసేకొద్దీ పోతాయమ్మా" అని నవ్వాడు.
ఒకామె గాజులు గలగలమంటా అల్లం దంచింది.
ఇంకొకడు డబ్బా ఎత్తి చూపి
ఈ రాత్రికే సగం ధర అన్నాడు.
నా బిడ్డ పేగుల సంగతి
ఆ సగం ధరకి ఎట్టా తెలుసో.
నాలుగు లక్షల మంది చూశారంట.
చూసినోళ్ళలో ఒక్కరన్నా వెనక్కొచ్చి
మా పిల్ల తేరుకుంది అని చెప్పారా?

షెడ్డులో నా పని
చట్రం బిగించే ముందు రాయిని తట్టి వినడం.
కంగుమంటే మంచి రాయి.
బొంగురుపోతే లోపల పగులు,
పైన ఎంత నునుపున్నా సరే.
నునుపు చూసి బిగించిన పలక
ఎక్కడో ఒక బడిలో, ఒక పిల్ల ఒళ్ళో
రెండు ముక్కలవుతుంది.

తట్టాను.
కోటాయన్ని: నీ పేరేంది? ఏ ఆసుపత్రి?
పలకలా.
అల్లం ఆమెని: ఎన్నేళ్ళ పిల్లకి, ఎంత?
గాజులు మళ్ళీ మోగాయి.
డబ్బావాణ్ణి అడగబళ్ళా.
పలక మీదయితే వంకర చూసి
ఇది ఫలానా పిల్లోడి రాత అని చెప్తాను.
ఇక్కడ అందరిదీ ఒకటే అచ్చు,
దొంగదీ దొరదీ.

ఇంకా కిందికి, ఇంకా కిందికి పోతే
బొమ్మ లేదు, పాట లేదు,
నల్లటి అక్షరాలు నాలుగు వరసలు.
చివర రాసిన డాక్టర్ల పేర్లు,
ఎప్పుడు సరిచూశారో ఆ తేదీ.
పాలు ఆపొద్దు.
ఓఆర్ఎస్ పొట్లం మొత్తం లీటరు నీళ్ళలో, సగం కాదు.
చెంచాతో, నిదానంగా.
కక్కితే పది నిమిషాలాగి మళ్ళీ.
పొట్ట మీద చర్మం పట్టి వదలండి,
మెల్లగా సర్దుకుంటే, కళ్ళు గుంటలు పడితే,
తాగలేకపోతే
చదవడం ఆపి ఆసుపత్రికి పొండి.

కంగుమంది.
మిగతావాళ్ళంతా కూచో, ఇంకోటి చూడు అన్నారు.
ఇది ఒక్కటే లెయ్ అంది.

చిటికెడు చర్మం పట్టి వదిలాను.
ముడత అట్టనే నిలబడింది,
తడిగుడ్డ మీద ముడత మాదిరి.

సువార్తమ్మ తలుపు రెండుసార్లు కొట్టాను.
ఆశా పనిలో ఆమెకి నిద్రంటే అలవాటు లేదు,
చేతిలో పొట్లంతోనే వచ్చింది.
ఫోను చూపిస్తే
కళ్ళద్దాలు లేక దూరంగా పెట్టి చదివి
"ఇది సరైందే, పద" అంది.
కొంగుతో గ్లాసు మూసి
ఆటో కుదుపుల్లో చెంచా చెంచా,
సగం నసీమాకి, సగం నా చీరకి.

వార్డులో నర్సు సెలైన్ కట్టి అడిగింది:
చివర పాలు ఎప్పుడిచ్చావు?

ఎనిమిదింటికి అన్నాను.
ఎనిమిది నుంచి పదకొండు దాకా ఏం చేశావని
ఆమె అడగలా.
నేను తట్టింది తర్వాత.
అంతకుముందు మూడు గంటలు
ఆ నవ్వు నమ్మి
రొమ్ము మీద కొంగు కప్పుకుని కూచున్నాను,
పిల్ల ఏడుస్తా తడుముకుంటా ఉంటే.

దస్తగిరికి చెప్పలా. సువార్తమ్మకీ చెప్పలా.
తెల్లారి నసీమా పాలు తాగి
నా బొటనవేలు పట్టుకుంది.
బూడిద రంగు పొడి
దాని పిడికిట్లో అంటింది.
తుడవలా.