అదనపు సమయం

మాంటెవీడియోలో జూలై చలి.
ఏడో మంచం మీద ఎవారిస్తో లర్రోసా,
ముప్పై ఒక్క ఏళ్లు రెండో డివిజన్ రిఫరీ.
ఎవరికీ గిట్టని నల్లచొక్కా మనిషి.
ఇప్పుడు ఛాతీ నడుమ ఉక్కుతీగ కుట్లు,
గుండెలో ఒక కవాటం కొత్తది,
పళ్ల మధ్య విజిల్ ఉండాల్సిన చోట
గొట్టం.

ఆరు గంటల్లోపు తీసెయ్యాలని
మా గోడ మీద కాగితం.
కాగితానికేం, అది ఊపిరి పీల్చదు.

నాలుగో గంటకి కళ్లు తెరిచాడు.
వేలు నొక్కమంటే నొక్కాడు.
తల ఎత్తమంటే దిండు మీంచి రెండంగుళాలు ఎత్తి
చాలా? అన్నట్టు చూశాడు.
ఐదో గంటకి రక్తంలో వాయువుల లెక్క సరిపోయింది.
డ్రెయిన్ సీసాలో ఎరుపే ఆగడం లేదు,
గంటలో నూట ఎనభై.
డాక్టర్ ఇర్మా సీసా మీద గోటితో గీత గీసి
"కాసేపు ఆగుదాం" అంది.
మళ్లీ తెరవాల్సొస్తే?
ఆ మాట ఎవరం పైకి అనలేదు.

ఆయనకు మండింది.
లేని జేబులోంచి లేని కార్డు తీసి
నా మొహం ముందు ఎత్తి పట్టుకున్నాడు.
పసుపో ఎరుపో తెలీలేదు.

వరండాలో కూతురు మిర్తా,
చల్లారిన మాతే బుర్ర ఒళ్లో పెట్టుకుని:
"సెర్రో మైదానంలో ఓసారి తొమ్మిది నిమిషాలు కలిపాడు నాన్న.
ఆ రాత్రి మా కారు అద్దాలన్నీ పగిలాయి.
ఎందుకు కలిపావంటే
ఆట ఇంకా అవలేదుగా, అన్నాడు."

ఆ మాట లోపలికి మోసుకెళ్లి
ఆయన చెవిలో వేశాను.
కార్డు దించాడు.

ఏడూ నలభైకి ఎరుపు ముప్పైకి దిగింది.
యంత్రం సాయం తగ్గించి
ఇక నువ్వే పీల్చుకో అన్నాం.
అరగంట పీల్చాడు,
పెనాల్టీ ముందు గోల్‌కీపర్‌లా కదలకుండా.

పట్టీలు విప్పి, గొంతులో బుడగ గాలి లాగేసి
"దగ్గండి" అన్నాను.
గొట్టం జారి వచ్చింది.
దాని వెనకే సన్నటి కూత.
ముగ్గురం ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం.
ఇర్మా స్టెతస్కోపు మెడ దగ్గర ఆనించింది.
రెండో శ్వాస, మూడోది.
కూత లేదు.

గరగరమంటూ అడిగాడు:
"ఎన్ని నిమిషాలు కలిపారు?"
"నూట ముప్పై."
కాసేపు ఆలోచించాడు.
"ఎక్కువే."

తర్వాత నీళ్లు అడిగాడు.
దానికీ ఇంకా టైముంది.