సిరాలో చెట్టు

వేళ్లను ముందు ఉడకబెడతాను,
క్షారం కలిపిన నీళ్లలో, ఒంటి రంగంతా దిగిపోయేదాకా.
తర్వాత కాస్త వెనిగరు, నాలుగు చుక్కల నీలి సిరా.
బడిపిల్లలు కలాల్లో పోసుకునే సిరాయే,
బుషెన్యి బజారులో దొరికేది అదొక్కటే.

రుతరేమ్వ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.
డెబ్బై దాటినవాడు, అరటిరసం పులియబెట్టి
టొంటో చేసి నాలుగు కొండలకు పోసినవాడు.
"ఏం వంటమ్మా కెమిరెంబే ఇది, ఉప్పేదీ?"
నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.
నిరుడు ఆయన తోటలో కయింజా అరట్లు నూట పది,
ఇప్పుడు చేతివేళ్లు చాలు లెక్కకు.

ఆ తెగులు చెప్పి రాదు.
ముదురాకు అంచున కాస్త పసుపు,
అంతే అనుకుంటాం.
ఆకులు తొడిమ దగ్గర విరిగి
మొక్క నడుముకు చిరిగిన పావడాలా వేలాడతాయి.
నరికి చూస్తే లోపల గోధుమరంగు వలయాలు,
ఎవరో టీ కప్పులు పెట్టి తీసిన మరకలు.
మట్టిలో ఏళ్లకేళ్లు నిద్రపోతుంది,
ఒక్క లేతవేరు వాసనకు
లేచి కూర్చుంటుంది.

అందుకే ఈసారి పిలకతో పాటు
గుంటకో గుప్పెడు వేశాను,
కుండీల్లో జొన్న వేళ్ల మీద నేను పెంచిన బూజు.
"చంపిందీ బూజే అన్నావు. బూజుకి బూజు మందా?"
మందు కాదు, అన్నాను.
మరేమిటో చెప్పడానికి
నాకు మాట దొరకలేదు.

అందుకే ఇవాళ రమ్మన్నాను.
ఒక కన్ను అరచేత్తో మూసి, వంగి,
అద్దంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.
"చెట్టు."

చెట్టే.
వేరులో ఒక్క కణం, ఆ ఇరుకు గదిలో
కొమ్మలూ రెమ్మలూ విప్పుకుని నీలంగా నిలబడ్డ చెట్టు.
గోడ దాటి వచ్చింది గాని
లోపలి పొర చిరగలేదు.

"ఇల్లెవరిది?"
అరటిది.
"అద్దె?"
అరటే ఇస్తుంది, ఆకు వండిన చక్కెరలోంచి.
"ఇల్లుగలవాడే అద్దె కట్టడమా!"

కడుతుంది. ఊరికే కాదు.
వేరు చేయి అందని రాళ్ల సందుల్లోంచి
భాస్వరం తెచ్చిపెడుతుంది ఆ వచ్చినది.
ఇంకొకటుంది తాతా.
అది గడప తొక్కిన రోజు అరటి ఉలిక్కిపడుతుంది,
తలుపులు బిగిస్తుంది, కత్తి దూస్తుంది,
మనవాడేనని తెలిసి దించుతుంది.
కాని ఒరలో పెట్టదు.
ఒక చెవి మేలుకునే ఉంటుంది ఆనాటినుంచి.
దొంగ వచ్చిన రాత్రి
చీకట్లో కత్తి కోసం తడుముకోనక్కర్లేదు.

ఆయన ముక్కు రుద్దుకున్నాడు.
"నా దోనెలోనూ అంతే.
రసం మీద దంచిన జొన్న చల్లి, ఆకులు కప్పి వదిలేస్తా.
తెల్లారేసరికి నురగ.
పనిచేసేవాణ్ణి తొంగిచూడకు అనేవాడు మా నాన్న.
నీ బూజుకీ జొన్నే కావాలా?"
జొన్నే.
అప్పుడు నవ్వాడు, పళ్లు లేని చోటు కూడా కనబడేలా.

రెండో వానలకి బురదలో మోకాళ్లమీద లెక్కపెట్టాను.
బూజు వేయని ఇరవైలో ఆరు మిగిలాయి.
వేసిన ఇరవైలో పద్నాలుగు.
పద్నాలుగు అని రాసి పుస్తకం మూయబోతే
చెయ్యి పట్టుకున్నాడు.
"పోయిన ఆరూ రాయి."
రాశాను.
నాలుగో వరసలో పడిపోయినదాని వేళ్లు తెచ్చి ఉడకబెట్టాను.
అందులోనూ ఉంది నీలి చెట్టు.
ఉండి కూడా.
దానికి జవాబు నా దగ్గర లేదు,
ఆయన అడగనూ లేదు.

నిన్న పొద్దుగూకే వేళ
సొరబుర్ర ఒకటి చంకన పెట్టుకు వచ్చాడు,
మూతి దగ్గర నురగ ఇంకా చిటపటమంటోంది.
నా గోళ్లకింది నీలం వైపు చూసి
గొంతు తగ్గించాడు.
"దీన్నీ నీ అద్దం కింద పెట్టు.
ఇన్నేళ్లూ నాకు చేసిపెట్టిందెవరో చూడాలి."
మరి మీ నాన్న మాట, అన్నాను.
"ఆయన పోయి నలభై ఏళ్లు.
ఒక్కసారికి ఏమీ అనుకోడులే."

సీసా వంచి చూశాను.
సిరా అడుగంటింది,
నాలుగు చుక్కలుంటుందేమో.