బూడిద లెక్క

ఎన్నూరు. ఓడ దిగిన ఒడిశా బొగ్గు
ఒక్క గ్రాము, పింగాణీ మూసలో.
ఎనిమిది వందల పదిహేను డిగ్రీల దగ్గర
అడవంతా పోయింది.
మన్ను మిగిలింది, నూటికి ముప్పై తొమ్మిది.

"మలినం" అని రిజిస్టర్లో రాయబోతే
మునికుమారి నా చెయ్యి ఆపింది:
ఆ చిత్తడిలో ఆకును కుళ్లనీయకుండా
అదిమి పెట్టుకున్నది ఈ బంకమన్నేగా సార్?

నిజమే. కొలిమిలో మట్టి వదిలిన తడిని
చెట్టు ఊపిరి ఖాతాలో ఎన్నిసార్లు జమకట్టానో.
పోయినేడు ఆమ్లం పోసి రాయిని కడిగేస్తే
మిగిలిన చెట్టు
అంతకుముందటి చెట్టు కాదు.

షిఫ్టు దిగి ఇంటికెళ్తే
దండెం మీద మా ఆవిడ చీర, బూడిదరంగు.
దులిపాను. లోపల దగ్గు.
ఏ పాలు ఆకుదో, ఏ పాలు రాయిదో
తేల్చే మూస
ఇంట్లో లేదు.